మూడు బుగ్గలు వెలిగాకే

నిన్న మధ్యాహ్నం కనగల్ వైపు నుంచి ఒక పెద్దాయన ట్రాలీ ఆటోలో కాలిన బోరు మోటర్ వేసుకొని వచ్చాడు. ఐదు హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్. ఆటో ఆగకముందే వాసన వచ్చింది. కాలిన వైండింగ్ (మోటర్ లోపలి తీగచుట్టలు) వాసన ఒకసారి ముక్కుకు పడితే ఇక మర్చిపోలేం. మోటర్ విప్పి, స్టేటర్‌ను (కాయిల్స్ ఉండే, తిరగని భాగం) వెలుతురులోకి తిప్పి ఆయనకు చూపించాను. చుట్టూ ఉన్న కాయిల్స్‌లో కొన్ని మాడి బొగ్గయ్యాయి. వాటి మధ్య కొన్ని మాత్రం నిన్నగాక మొన్న చుట్టినట్టు శుభ్రంగా ఉన్నాయి.

"ఒక ఫేజు పోయినంక కూడా మోటర్ నడిచింది పెద్దనాయనా" అన్నాను.

"నువ్వు మా బాయికాడికి రాలే, సూడలే. నీకెట్ల తెల్సె?"

ఆయన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, గోడకున్న నల్ల రేకు మీద చాక్‌పీసుతో మూడు గీతలు గీశాను. మోటర్‌లోకి కరెంటు మూడు తీగల్లో వస్తుంది, ఒక్కొక్కటి ఒక ఫేజు. గాలిదుమారానికి తీగ తెగో, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోయో ఒకటి ఆగిపోతే మోయాల్సిన బరువంతా మిగిలిన రెండింటి మీద పడుతుంది. ఆ రెండింట్లో కరెంటు ఇంచుమించు 1.73 రెట్లవుతుంది. స్టార్ కనెక్షన్ (మూడు ఫేజుల కాయిల్స్‌ను ఒక కొన దగ్గర కలిపే తీరు) ఉన్న మోటర్ అయితే ఆ రెండు ఫేజుల కాయిల్స్ మాడిపోతాయి, కరెంటు రాని మూడోది అట్లాగే మిగులుతుంది. అన్నీ ఒకే తీరుగా మాడితే సంగతి వేరు. బోరులో నీళ్ళు లేక ఒట్టిగా తిరిగి ఉండాలి, లేదా వోల్టేజీ చాలక ఈడ్చి ఉండాలి, లేదా దాని తాకత్తుకు మించిన లోడు పడి ఉండాలి. చూడడం వస్తే, కాలిన మోటర్ తనకేం జరిగిందో తానే చెబుతుంది.

పెద్దాయన అంతా విని, రేకు మీది గీతల వైపు, నా చేతిలోని చాక్‌పీసు వైపు చూసి, "నువ్వు బడిల సారువా ఏంది?" అని అడిగాడు.

అవును, పద్నాలుగేళ్ళు సారునే. ఆయన వెళ్ళాక కూడా ఆ ప్రశ్న మనసులోనే ఉండిపోయింది. రాత్రి భోజనం చేసి ఇది రాయడానికి కూర్చున్నాను. నాలాగా నడి వయసులో పని మారాల్సి వచ్చి, రాత్రుళ్ళు నిద్రపట్టక ఫోన్లో ఏదో ఒకటి వెతుక్కుంటూ ఉండే వాళ్ళు చాలామంది ఉంటారు. ఒకప్పుడు నేనూ అట్లాగే వెతికాను. వాళ్ళ కోసం రాస్తున్నాను.

నేను బీఎస్సీ, బీఈడీ చేశాను. నల్లగొండలో ఒక ప్రైవేటు హైస్కూల్లో 2006 నుంచి భౌతికశాస్త్రం చెప్పాను, అవసరం పడితే లెక్కలు కూడా. సర్కారు టీచర్ ఉద్యోగం కోసం 2012 డీఎస్సీ రాశాను, 2017 టీఆర్‌టీ రాశాను. రెండుసార్లూ దగ్గరిదాకా వచ్చి పోయింది. అయినా బాధగా ఉండేది కాదు. పిల్లల ముందు నిలబడితే నాకు లోకం గుర్తుండేది కాదు. అయస్కాంతాన్ని తీగచుట్టలోకి తోస్తే గాల్వనోమీటర్ ముల్లు కదిలినప్పుడు పిల్లల కళ్ళు పెద్దవయ్యేవి. అది చూడడం కోసమే నేను బడికి వెళ్ళేవాణ్ణని ఇప్పుడనిపిస్తుంది.

ప్రతి సంవత్సరం తొమ్మిదో తరగతిని పానగల్ తీసుకెళ్ళేవాణ్ణి. పట్టణానికి నాలుగైదు కిలోమీటర్లు, ఉదయసముద్రం చెరువు పక్క ఊరు. అక్కడ ఛాయా సోమేశ్వరాలయంలో, గర్భగుడి గోడ మీద స్తంభం లాంటి నీడ ఒకటి పడుతుంది. సూర్యుడు ఎటు జరిగినా ఆ నీడ జరగదు. "ఏ స్తంభం నీడరా ఇది?" అని అడిగేవాణ్ణి. పిల్లలు ఒక్కో స్తంభం దగ్గరికి పోయి నిలబడి, చేతులు ఊపి, వెతికి వెతికి అలసిపోయేవాళ్ళు. అప్పుడు చెప్పేవాణ్ణి: ఎండ నేరుగా పడి ఏర్పడే నీడ కాదిది, చుట్టూ నుంచి చెదిరి లోపలికొచ్చే వెలుతురు వల్ల పడే నీడ, అందుకే పొద్దుతో పాటు తిరగదు. ఇదంతా చెప్పి, పూజారి గారి దగ్గర తీర్థం తీసుకొని, నేనూ చేతులు జోడించి దండం పెట్టుకునేవాణ్ణి. కారణం తెలిసినంత మాత్రాన దండం పెట్టడం ఎందుకు మానాలో నాకెప్పుడూ అర్థం కాలేదు. ఇంత లెక్కగా రాళ్ళు నిలబెట్టిన చేతులకు ఆ తెలివి ఎక్కణ్ణుంచి వచ్చిందని తలుచుకుంటే ఇంకా ఎక్కువ దండం పెట్టాలనిపించేది.

2020 మార్చి 16న బడులు మూసేశారు. మొదట పదిహేను రోజులే అనుకున్నాం. మార్చి జీతం సగం వచ్చింది. ఏప్రిల్‌ది రాలేదు. జూన్‌లో మేనేజ్‌మెంట్ వాళ్ళు పిలిచి, ఆన్‌లైన్ క్లాసులకు నలుగురు చాలు, మిగతావాళ్ళు ఇంటి దగ్గరే ఉండండి, పరిస్థితి బాగుపడితే పిలుస్తాం అన్నారు. ఆ నలుగురిలో నేను లేను. వాళ్ళ ఫీజులు ఆగిపోయిన మాట కూడా నిజమే. కానీ ఇంట్లో ఇద్దరు పిల్లలు, అమ్మానాన్నలు, పాల చీటీ, బైకు కిస్తీ. నలభై ఒకటో ఏట, బడి మెట్లు దిగుతుంటే కాళ్ళు తేలిపోయాయి.

కిరాయి ఇల్లు ఖాళీ చేసి ఊరికి వెళ్ళిపోయాం. ఉపాధి హామీ పనికి పోయాను. ఆ సంవత్సరం మన రాష్ట్రంలో రోజు కూలి 237 రూపాయలు. చెరువులో మట్టి తవ్వి గంపకెత్తడం నాకు చిన్నప్పుడు వచ్చిన పనే, ఇరవై ఏళ్ళ తర్వాత అరచేతులు మర్చిపోయాయి, అంతే. మూడోనాడు బొబ్బలు పగిలాయి. పక్కన తవ్వుతున్న వదిన వరసామె తన కొంగు చివర చింపి నా చేతికి కట్టింది. "సారూ, మా పిల్లగాడు నీ దగ్గర్నే సదివె. నువ్వు గంప మోయకు, నేను మోస్త. నువ్వు తవ్వు సాలు" అంది. ఆ మాటకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. సిగ్గుతో అనుకునేరు, కాదు. నన్ను ఇంకా సార్ అని పిలిచేవాళ్ళు ఉన్నారన్న ఊరట అది.

ఆ రోజుల్లో నేను దేవుణ్ణి ఒక్కటే అడిగేవాణ్ణి: బడి తెరిపించు స్వామీ, నా పని నాకియ్యి అని. అమ్మ మాత్రం వేరేగా మొక్కేది. మా ఇంటి దైవం చెర్వుగట్టు జడల రామలింగేశ్వర స్వామి. ఒకనాడు దీపం పెట్టి, నాకు వినబడేటట్టే అంది: "చేతులిచ్చినోడు చేతులకు పని ఏడనో పెట్టే ఉంటడు. ఏడ పెట్టిండో నా కొడుక్కు కానరానియ్యి తండ్రీ."

నాకు ఉద్యోగం కావాలి. అమ్మకేమో, నాకు పని కనబడితే చాలు. ఆ తేడా అప్పుడు నాకు తట్టలేదు.

ఆగస్టులో నాన్న బోరు మోటర్ కాలింది. మా ఊరు కాలువకు పైన ఉంటుంది, మాకు బోరే దిక్కు. రెండెకరాల బత్తాయి, ఎకరం వరి. మూడు కాళ్ళ స్టాండు పెట్టి, కప్పీ వేసి మోటర్ పైకి గుంజి, నల్లగొండలో వైండింగ్ దుకాణానికి తీసుకుపోయాను. ఆ దుకాణం ఉస్తాద్‌కు అప్పటికే డెబ్బై ఏళ్ళు. నలభై ఏళ్ళకు పైగా అదే పని. నాన్న మోటర్లన్నీ ఆయన చేతుల మీదుగా బాగైనవే. లాక్‌డౌన్‌లో పనివాళ్ళు సొంత ఊళ్ళకు పోయారు, తిరిగి రాలేదు. ఆయన ఒక్కడే కూర్చొని, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చి, తీగ గేజి (మందం) చూడడానికి అవస్థ పడుతున్నాడు.

నేను మైక్రోమీటర్ తీసుకొని చూసి చెప్పాను. అది బడిలో చూపే స్క్రూగేజి లాంటిదే కదా. ఆయన తలెత్తి చూసి, "మాస్టర్ సాబ్, జర ఈ చుట్లు కూడా లెక్కబెట్టున్రి" అన్నాడు. లెక్కబెట్టాను. సాయంత్రం అయింది. మర్నాడు మోటర్ కోసం వెళ్ళి, మళ్ళీ సాయంత్రం దాకా ఉన్నాను. మూడో రోజు నాకు అక్కడ ఏ పనీ లేదు, అయినా వెళ్ళాను.

"చాచా, నాకు ఈ పని నేర్పుతారా?" అని అడగడానికి వారం పట్టింది.

ఆయన చేస్తున్న పని ఆపాడు. "మీరు చదువు చెప్పేటోళ్ళు. ఈడ నూనె, మసి, తిట్లు. కోపంల రైతు ఒక మాటంటే పడాలె." కాసేపాగి, "సైకిల్ మీద పోయి చాయ్ తెస్తరా?" అన్నాడు. తెచ్చాను. ఆయన సగం తాగి, సగం నాకు సాసర్లో పోసిచ్చాడు. అట్లా చేరాను.

పని మారడం గురించి మాట్లాడేవాళ్ళు కొత్త పని నేర్చుకోవడం కష్టమంటారు. నాకు అంతకన్నా కష్టమనిపించింది పిలుపు మారడం. పద్నాలుగేళ్ళు "సార్" అని పిలిపించుకున్నవాడు "ఓ మిస్త్రీ, మా మోటర్ ఏమాయె?" అంటే తిరిగి చూడ్డానికి ఒక క్షణం పట్టేది. ఒక పెళ్ళిలో దూరపు బంధువు ఒకాయన "ఇప్పుడేం చేస్తున్నవ్ బావా?" అని అడిగితే నా నోరు పెగల్లేదు. పక్కనే ఉన్న మా ఆవిడ, విస్తరి మీంచి చేయి తీయకుండానే, "కాలిన మోటర్లు బతికిస్తున్నడన్నా. మొన్న మీ ఊరోళ్ళదే ఒకటి బతికిచ్చిండు" అంది. నేను ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు, పప్పు కలుపుకుంటోంది. ఆ రోజు నుంచి ఎవరడిగినా అదే మాట చెబుతున్నాను.

ఇక పని. బోరు మోటర్ నీళ్ళల్లో మునిగి ఉంటుంది. మేం ఎక్కువగా చేసే రకంలో స్టేటర్ లోపల కూడా నీళ్ళే. అందుకే తీగకు ప్లాస్టిక్ పూత ఉంటుంది. స్టేటర్ లోపలి గోడకు చుట్టూ గాడులుంటాయి, ఇరవై నాలుగు. ఒక గాడిలోంచి తీగను అవతలికి పంపి, గుంజి, వంచి, ఇంకో గాడిలోంచి ఇవతలికి తేవాలి. అది ఒక చుట్టు. అట్లా ఒక్కొక్క చుట్టూ చేత్తోనే. ఎక్కువ గుంజితే పూత గీసుకుపోతుంది, తక్కువ గుంజితే చివరి చుట్లకు జాగా ఉండదు. గోరంత గీత పడినా చాలు, నీళ్ళు దాన్ని వెతుక్కుంటూ వస్తాయి.

చుట్టడం అయ్యాక జాయింట్లు. తీగ కొనలు కలిపి, టేపు ఒకదాని మీద ఒకటి సగం ఎక్కేటట్టు చుట్టాలి. ఆ తర్వాత స్టేటర్‌ను నీళ్ళ డ్రమ్ములో ముంచి రాత్రంతా వదిలేస్తాం. పొద్దున మెగ్గర్ (తీగ పూతలోంచి కరెంటు బయటికి పోతోందా అని చూసే మీటరు) ఒక కొన తీగకు, ఒక కొన బాడీకి పెట్టి తిప్పాలి. ముల్లు పైన నిలబడితే పని పాస్. సున్నాకు పడిపోతే ఎక్కడో నీళ్ళు తగులుతున్నట్టు.

నేను మొదటిసారి ఒక్కణ్ణే చుట్టింది మూడు హెచ్‌పీ మోటర్. నాలుగు రోజులు పట్టింది. చాచా అయితే ఒక్క రోజులో ముగిస్తాడు. డ్రమ్ములో వేసి ఇంటికి పోయాను గానీ నిద్ర ఎక్కడిది. పొద్దున్నే ఆరింటికి వచ్చి షట్టర్ ఎత్తి, దండం పెట్టుకొని మెగ్గర్ తిప్పాను. సున్నా. మళ్ళీ తిప్పాను. సున్నా. పదో తరగతి రిజల్ట్స్ రోజు పిల్లల ముఖాలు ఎట్లా ఉండేవో అప్పుడు లోపలి నుంచి తెలిసింది.

చాచా వచ్చాడు. ఏమీ అనలేదు. జాయింట్లు మూడూ విప్పించాడు. మూడోదాని టేపు కింద, ఒక పక్క, వెంట్రుక దూరేంత సందు. "వేలు తడి ఉండె నీకు. చెమట పట్టిన చేత్తోని టేపు చుడ్తే అంటుకోదు బేటా" అన్నాడు. తర్వాత తన రుమాలు తీసి నా చేతులు రెండూ తుడిచాడు, చిన్న పిల్లవాడికి తుడిచినట్టు. మళ్ళీ చుట్టించాడు. మర్నాడు పొద్దున ముల్లు పైకి పోయి అక్కడే నిలబడింది.

మాస్టర్ సాబ్ నుంచి బేటాకు నేను మారింది ఆ పొద్దునే. ఏ కొత్త పనిలోనైనా ఇట్లాంటి పొద్దు ఒకటి వస్తుందని నా నమ్మకం. అది వచ్చేదాకా దుకాణానికి పోవడం మానకూడదు. నేను విశ్వాసం అనేది దీన్నే. ముందు ఏముందో నాకు తెలియదు, చాచాకూ తెలియదు. పొద్దున షట్టర్ ఎత్తడం మాత్రం నా చేతిలో ఉంది.

చాచాకు నేను తిరిగి ఇచ్చింది ఒకటుంది. ఆయన నలభై ఏళ్ళ లెక్క ఒక్క కాగితం మీదా లేదు, అంతా తలలోనే. ఏ కంపెనీ మోటర్‌కు ఏ గేజి తీగ, గాడికి ఎన్ని చుట్లు, ఏ గాడి నుంచి ఏ గాడికి, కనెక్షన్ ఎట్లా. నేను రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ కొని, ప్రతి మోటర్ విప్పేముందు అడిగి రాసుకునేవాణ్ణి. స్కేలు పెట్టి బొమ్మ గీసేవాణ్ణి, ఎరుపు, పసుపు, నీలం పెన్నులతో మూడు ఫేజులు. మొదటి పుస్తకం నిండాక చాచా దాన్ని ఒళ్ళో పెట్టుకొని ఒక్కొక్క పేజీ తిప్పాడు. ఆయనకు తెలుగు చదవడం రాదు, బొమ్మలే చూశాడు. ఒక బొమ్మ దగ్గర ఆగి, వేలు పెట్టి, "ఇది తప్పు" అన్నాడు. నిజంగానే తప్పు.

2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులు తెరిచారు. బడి నుంచి ఫోన్ వచ్చింది. వెళ్ళాను. దాచేదేముంది, పరుగెత్తుకుంటూ వెళ్ళాను. ఆ యాభై రోజులు చెప్పిన పాఠాలు నా జీవితంలో అన్నిటికన్నా మంచి పాఠాలు. విద్యుత్ ప్రేరణ చెప్పేటప్పుడు దుకాణం నుంచి కాలిన స్టేటర్ ఒకటి సంచిలో వేసుకుపోయాను. ముట్టుకోనిచ్చాను. అన్నేళ్ళూ నేను బోర్డు మీద గీసింది బొమ్మేనని, ఇప్పుడు వస్తువు తెచ్చానని పిల్లలకే అర్థమైంది. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా మాత్రం చాచా దగ్గర కూర్చోవడం మానలేదు. ఎందుకు మానలేదంటే చెప్పలేను. లోపల ఏదో మానొద్దంది.

మార్చి 24న బడులు మళ్ళీ మూతపడ్డాయి. ఈసారి కాళ్ళు తేలిపోలేదు. బడి గేటు దాటి నేరుగా దుకాణానికి పోయాను, చొక్కా మార్చుకొని కూర్చున్నాను.

ఆ ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. నా పేరు కూడా జాబితాలో ఉంది. రేషన్ దుకాణం ముందు సంచి పట్టుకొని వరసలో నిలబడ్డాను. నా ముందు ఒక తెలుగు పండిట్ గారు, వెనక ఒక పీఈటీ. ముగ్గురం మాస్కుల మీద నుంచి కళ్ళతోనే పలకరించుకున్నాం. అమ్మ ఆ బియ్యంలోంచి దోసెడు తీసి విడిగా మూట కట్టింది, అమావాస్యకు గట్టు మీద పరమాన్నానికి. ఆ సహాయాన్ని నేను ఎన్నడూ చిన్నగా చూడలేదు. ఆకలి రోజు వచ్చిన గింజ అది.

సెప్టెంబరులో బడులు పూర్తిగా తెరిచాక మళ్ళీ పిలిచారు, పాత జీతమే, 14,000. రెండు రాత్రులు ఆలోచించాను. మర్నాడు అమావాస్య. చెర్వుగట్టు పోయాను. తెలియనివాళ్ళకు చెబుతాను: నార్కట్‌పల్లి దగ్గర గుట్ట. అమావాస్య రాత్రి అక్కడే నిద్ర చేయడం మా వైపు మొక్కు. పైన మూడు గుండ్లు ఉంటాయి, పెద్ద బండరాళ్ళు. వాటి మధ్య సందులోంచి వెళ్ళి శివుణ్ణి చూడాలి. సందు ఎంత ఇరుకంటే నిండుగా నడవలేం. పక్కకు తిరగాలి, ఊపిరి బిగపట్టాలి. రెండు చెంపలకూ చల్లటి రాయి తగులుతుంది. భుజాన సంచి ఉంటే తీసి చేత్తో తల మీద పట్టుకోవాలి, లేదంటే బయటే వదిలేయాలి. మధ్యలో ఆగితే వెనకవాళ్ళు "ఆగకు, ఆగకు, జరుగు" అంటారు. అవతలి నుంచి ఎవరో ముక్కూ ముఖం తెలియని మనిషి చేయి అందిస్తాడు. నేను చిన్నప్పటి నుంచి ఎన్నోసార్లు దూరాను. ఆ రాత్రి సగంలో నిజంగానే ఇరుక్కున్నాను, జేబులో లాంగ్ నోట్‌బుక్ మడిచి పెట్టుకున్నాను కాబట్టి. అవతలి నుంచి ఒక చేయి వచ్చింది. పట్టుకున్నాను. నల్లటి మసి పట్టిన గోళ్ళు, నా వాటి లాంటివే. ఎవరో మెకానిక్ అయి ఉంటాడు. చీకట్లో ముఖం కనబడలేదు.

గుట్ట మీద పడుకొని ఆకాశం చూస్తూ, పానగల్ నీడ గుర్తు చేసుకున్నాను. కొంగు చింపి కట్టిన వదిన, సాసర్లో చాయ్ పోసిన చాచా, పప్పు కలుపుకుంటూ జవాబిచ్చిన ఆవిడ, దోసెడు బియ్యం దాచిన అమ్మ. ఏ ఒక్కరి నీడలో నేను ఈ ఏడాది గడిపానో వేరు చేసి చెప్పలేను. పొద్దున దిగి వచ్చి బడికి ఫోన్ చేసి, రాలేనని చెప్పాను.

తర్వాతిదంతా మామూలు కష్టమే. మా ఆవిడ పొదుపు సంఘంలో అప్పు తీసింది. దేవరకొండ రోడ్డులో చిన్న షట్టర్ తీసుకున్నాను. 2022 దసరా, అక్టోబర్ 5న, పనిముట్లకు పూజ చేసి దుకాణం మొదలుపెట్టాం. చాచా తెల్ల టోపీ పెట్టుకొని వచ్చాడు. అమ్మ మోటర్‌కు కుంకుమ బొట్టు పెట్టింది, ఆయన "బిస్మిల్లా" అని స్టార్టర్ పచ్చ బటన్ నొక్కాడు. టాంగ్ టెస్టర్ (తీగలో పారే కరెంటు కొలిచే మీటరు) పెట్టి చూస్తే 9.2, 9.4, 9.3 ఆంపియర్లు. మూడు ఫేజులూ సమానంగా మోస్తున్నాయి. ఆయన నా భుజం తట్టి వెళ్ళిపోయాడు. అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ నాకు ఏ యూనివర్సిటీ ఇవ్వలేదు.

ఆదాయం సంగతి అడుగుతారు కాబట్టి చెబుతాను. ఎండాకాలం నాలుగు నెలలు బడి జీతానికి రెండింతలు దాటుతుంది. వానాకాలంలో కొన్ని నెలలు బడి జీతం కూడా రాదు. ఎండాకాలంలో దాచి వానాకాలంలో తినాలని మొదటి ఏడాది తెలియక ఇబ్బంది పడ్డాం, ఇప్పుడు అలవాటైంది. పని మారాలనుకునేవాళ్ళు చేతిలో కొన్ని నెలల తిండి ఉంచుకోండి. లేకపోతే నాలాగా పాత పని చేస్తూనే సాయంత్రాలు కొత్తది పట్టుకోండి. కొత్త పనిలో మీకన్నా ముందున్న మనిషి ఎంత చదివాడని చూడకండి, ఆయన పక్కన కూర్చోండి.

పాఠం చెప్పడం మానాననుకున్నాను గానీ అది నన్ను వదల్లేదు. ఇప్పుడు నెలకో ఆదివారం ఏదో ఒక ఊళ్ళో, వేపచెట్టు కింద రైతులను కూర్చోబెట్టి చెబుతున్నాను. స్టార్టర్ డబ్బా మీద మూడు బుగ్గలుంటాయి, అంటే చిన్న బల్బులు, ఫేజుకొకటి, ఎరుపు, పసుపు, నీలం. మూడూ వెలిగాకే బటన్ ముట్టాలి. సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ (ఒక ఫేజు పోతే మోటర్‌ను తానే ఆపేది) పాడైతే తీసేసి డైరెక్ట్ ఇచ్చుకోవద్దు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు మొదలైనప్పుడే ఆటో స్టార్టర్లు తీసేయమన్నారు. కొందరు ఇంకా తీయలేదు. కరెంటు పోయి వచ్చిందంటే మనిషి లేకుండానే మోటర్ లేస్తుంది. బుగ్గలు ఎవరు చూడాలి? ఇవన్నీ చెబితే నీ గిరాకీ నువ్వే పోగొట్టుకుంటున్నావని ఒక స్నేహితుడు అన్నాడు. ఏప్రిల్‌లో మోటర్ కాలి వారం నీళ్ళు ఆగితే బత్తాయి చెట్టు పిందె ఎట్లా రాల్చుకుంటుందో మా నాన్న తోటలో చూశాను నేను. ఆ గిరాకీ నాకు వద్దు.

పోయిన అమావాస్య కూడా గట్టు మీదే ఉన్నాను. పడుకోబోతుంటే ఫోన్ మోగింది. పదేళ్ళ కింద నా దగ్గర చదువుకున్న పిల్లవాడు, ఇప్పుడు వ్యవసాయం చేస్తున్నాడు.

"సార్, మోటర్ గుర్రుమంటుంది గని తిరుగుతలేదు సార్."

"ముందు ఆఫ్ చెయ్. చేసినవా?"

"చేసిన సార్."

"బుగ్గలు ఎన్ని వెలుగుతున్నయి?"

కాసేపు నిశ్శబ్దం. చెప్పుల చప్పుడు. "రెండే సార్. పసుపుది లేదు."

"లైన్‌మన్‌కు ఫోన్ చెయ్. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి నువ్వు పోకు. మూడోది వెలిగేదాకా బటన్ ముట్టకు."

నిద్ర పట్టలేదు. పక్కన ఎవరో ముసలమ్మ సన్నగా శివనామం చెప్పుకుంటోంది. ఒంటిగంట దాటాక మళ్ళీ మోగింది. ఎత్తాను. వాడు ఏమీ మాట్లాడలేదు, ఫోన్ ఎక్కడో కిందికి పట్టుకున్నట్టున్నాడు. పైపులోంచి తొట్టిలోకి పడుతున్న నీళ్ళ చప్పుడు వినబడింది.